పంటు మీద పారబోసిన పాలు

పన్నెండేళ్లుగా నేను ఒక స్టీలు గ్లాసు మోస్తున్నాను. చిన్నది. అంచు మీద మా అత్తగారి పేరు చెక్కి ఉంటుంది. అందులో ఏమీ లేదు. ఉన్నదంతా ఒక సాయంత్రం నేనే గోదావరిలో పారబోశాను. ఖాళీ గ్లాసుకి బరువేమిటని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను, చాలాసార్లు. ఉంటుందండీ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. అంబాజీపేటకి సైకిలు మీద వెళ్లిరాగలిగినంత దూరం, చుట్టూ కొబ్బరితోటలు, అంతవరకు తెలిస్తే చాలు. నా గురించి ఊళ్లో ఎవరిని అడిగినా మంచిదాన్ననే చెబుతారు. నా బాధ అక్కడే ఉంది.

మాది ఉమ్మడి కాపురం. ఇద్దరు కోడళ్లం. నేను పెద్దదాన్ని, ఇంటర్ పాసైనదాన్ని. ఆ ఇంట్లో ఇంగ్లీషు ముక్క చదవగలిగింది నేనొక్కదాన్నే. మందు సీసా మీద రాతైనా, కరెంటు ఆఫీసు కాగితమైనా, మా మరిది మస్కట్ నుంచి తెచ్చిన మిక్సీతో వచ్చిన పుస్తకమైనా తిన్నగా నా చేతికే వచ్చేది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆసుపత్రికి వెంట వెళ్లేది నేనే. డాక్టరు చెప్పింది విని, ఇంటికొచ్చి, అందరికీ అర్థమయ్యేలా చెప్పడం నా పని. నేను చెప్పిందే డాక్టరు చెప్పినట్టు. పదేళ్ల కాపురంలో ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాద అదొక్కటే. పిల్లలు కలగలేదు మరి.

చిన్న కోడలు సత్యవేణి ఐ.పోలవరం వైపు పిల్ల. ఏడో తరగతితో చదువాపేసింది. నన్ను ‘అక్కా’ అని పిలిచేది, ‘మీరు’ అనేది. పెళ్లయిన ఏడాదిన్నరకే కూతుర్ని కంది. హారిక అని పేరు పెట్టాం. మరిది బారసాల చూసుకుని మస్కట్ వెళ్లిపోయాడు. మూడో నెలలో వేణి బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చింది. వచ్చిననాటికే చిక్కిపోయి ఉంది. గుండె దడ. మంచినీళ్ల చెంబు పట్టుకుంటే చేతుల్లో వణుకు. అమలాపురంలో డాక్టరుగారు మెడ తడిమి చూశారు, రక్తం పరీక్ష చేయించారు. థైరాయిడ్ గ్రంథి సంగతి తేలాలంటే విశాఖపట్నంలో స్కానింగ్ తీయించాలన్నారు. నరంలోకి కొంచెం రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కిస్తారట, అది గ్రంథిలో చేరాక ఒక పెద్ద కెమెరా బొమ్మ తీస్తుందట. పాలిచ్చే తల్లి అని అక్కడ ముందుగా చెప్పండి అని రెండుసార్లు అన్నారు. అన్నది నాతోనే. వేణి పక్కనే కూర్చుని నా మొహం చూస్తోంది.

ప్రయాణం వారం ఉందనగా బిడ్డకి సీసా అలవాటు చేయడం మొదలుపెట్టాం. తల్లి కనబడితే సీసా ముట్టేది కాదు. అందుకని వేణిని పెరట్లోకి పంపేసి, నేను ఒళ్లో వేసుకునేదాన్ని. రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చింది. మూడో రోజు మధ్యాహ్నం, ఉక్కపోతలో, కొబ్బరాకుల నీడ గోడ మీద మెల్లగా ఊగుతుండగా, నా మంగళసూత్రాన్ని గుప్పిట్లో పట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ తాగడం మొదలుపెట్టింది. గుటక చప్పుడు విన్నకొద్దీ ఇంకొంచెం దగ్గరికి హత్తుకున్నాను. కిటికీలోంచి చూస్తే వేణి పెరట్లో దండెం పట్టుకుని నిలబడి ఆ చప్పుడే వింటోంది. రవిక తడిసిపోయింది. బిడ్డ ఏడుపు ఆగిందని ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను, కానీ నా నవ్వు వేరు.

ఆ మధ్యాహ్నమే మొదలైందా? లేక అంతకు ముందు ఎన్నో ఏళ్ల నుంచి నాలో ఉన్నది ఆ మధ్యాహ్నం కళ్లు తెరిచిందా? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోని వారం లేదు. జవాబు మాత్రం రోజుకో రకంగా వస్తుంది.

బిడ్డను అత్తగారి దగ్గర వదిలి మేమిద్దరం ముందురోజే విశాఖపట్నం వెళ్లాం. పొద్దున్నే స్కానింగ్. వేణి లోపల బల్ల మీద పడుకుని ఉండగా ఒక డాక్టరమ్మ బయటికొచ్చి నన్ను పిలిచింది. నిదానంగా చెప్పింది. ఈ మందు తనంతట తానే గంటగంటకీ సన్నగిల్లిపోతుంది. రేపు ఈ వేళ దాకా బిడ్డకి పాలివ్వొద్దు, ఈ పూటంతా బిడ్డని ఒంటికి హత్తుకుని పడుకోవద్దు. వచ్చిన పాలు వచ్చినట్టు పిండి పారబోయాలి, లేకపోతే గడ్డలు కట్టి పాలు తగ్గిపోతాయి. రేపటి నుంచి మామూలుగా పట్టుకోవచ్చు. ఇంకో రకం మందు ఉంది, వైద్యానికి ఇచ్చేది, దానికైతే పాలు పూర్తిగా మాన్పించాలి. ఇది అది కాదు, కంగారుపడకండి. అంతా చెప్పి, అదే సంగతి ఇంగ్లీషులో ఉన్న కాగితం ఇచ్చింది. దాని మీద ఇరవై నాలుగు గంటలు అని పెన్నుతో రాసి, కింద రెండు గీతలు గీసింది.

నేను సరిగ్గానే విన్నాను. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు అర్థం కాకపోవడం అనేది జరగలేదు.

రైలు దిగి, కాకినాడలో బస్సెక్కి యానాం రేవుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. అప్పటికింకా వంతెన లేదు. పంటు మీద, అంటే పడవల మీద చెక్కలు పరిచిన బల్లకట్టు మీద దాటాలి. సైకిళ్లు, స్కూటర్లు, చేపల గంపలు, మనుషులు, అందరం ఆ చెక్కల మీదే. గోదావరి ఆ వేళ కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. నీళ్లకీ ఆకాశానికీ ఒకటే రంగు. ఇంజను చప్పుడు కూడా ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. వేణి రైల్లోనే రెండుసార్లు పాలు పిండుకుంది, మళ్లీ బరువెక్కి విలవిల్లాడిపోతోంది. ఒక మూలకి తీసుకెళ్లి దుప్పటి అడ్డం పట్టాను. సంచిలోంచి స్టీలు గ్లాసు తీసిచ్చాను. నిండిన గ్లాసు నా చేతికిచ్చింది. వెచ్చగా ఉంది. అంచు మీదుగా వంగి నీళ్లలోకి వంచాను. తెల్లటి చార ఒకటి పంటు పక్కనే సాగి, కాసేపు మాతో వచ్చి, కనబడకుండా పోయింది.

అప్పుడు వేణి అడిగింది.

“అక్కా, రేపట్నించి పాపకి ఇచ్చెయ్యొచ్చాండీ? లోపల నాకేమీ చెప్పలేదండి. మీతో చెప్పేమన్నారు.”

ఒక్క రోజు అనే మాట నా నోట్లోనే ఉంది. అంటే సరిపోయేది. నేను గ్లాసు కడుగుతూ నిలబడ్డాను. రేపటి నుంచి సీసా అటకెక్కుతుంది. రేపటి నుంచి ఆ గుప్పిట నా మెడలోది వదిలేస్తుంది. ఇదంతా ఆలోచించానా అంటే ఆలోచించలేదు. ఆలోచనకి పట్టేంత సేపు కూడా పట్టలేదు.

“లేదమ్మా. ఇంక ఇవ్వకూడదన్నారు.”

“ఎన్నాళ్లండి?”

“ఎన్నాళ్లని కాదు వేణీ. ఆ మందు ఒంట్లో ఉండిపోతుందట. పాలల్లోకి దిగుతుందట. పూర్తిగా మాన్పించెయ్యమన్నారు.”

వేణి నీళ్లకేసి చూసింది. చార లేదక్కడ.

“అయితే ఇందాక పారబోసింది విషమేనాండీ?”

“అలాగే అనుకో.”

“ఆయ్,” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. “పిల్ల బాగుంటే చాలండి. మీరున్నారు కాబట్టి సరిపోయిందండి అక్కా. నేనొక్కదాన్నే అయితే తెలీక పట్టేసేదాన్ని.”

చూశారా, ఇంకో మందు గురించి డాక్టరమ్మ చెప్పిన మాటనే తెచ్చి దీనికి అంటించాను. వెతుక్కోనక్కర్లేకుండా దొరికింది. చదువుకున్నదాన్ని కదా.

అవతలి ఒడ్డున ఎదురులంక రేవు చేరేలోగా మాట మార్చడానికి బోలెడంత సమయం ఉంది. బస్సులో ఉంది. ఇంటికెళ్లాక ఉంది. తెల్లవారాక, డాక్టరమ్మ చెప్పిన వేళ అయ్యేసరికి, హారిక నా ఒళ్లో సీసా తాగుతోంది. గోడ గడియారం వైపు చూశాను. ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. చూస్తూ ఉండగానే ముల్లు దాటిపోయింది.

మా అత్తగారు నా మాట విని వెంటనే అన్నారు: “పెద్దమ్మాయ్, మల్లెపూలు తెప్పించు. కట్టి ఉంచితే నాలుగు రోజుల్లో పాలు ఇగిరిపోతాయి.”

మా వైపు బాలింతలకి పాలు మాన్పించాలంటే అదే పద్ధతి. విచ్చిన మల్లెలు దండలుగా గుచ్చి, రొమ్ముల మీద పరిచి, పాత చీర ముక్కతో బిగించి కడతారు. వాడిపోగానే తీసేసి కొత్తవి కడతారు. మల్లెలు విరగబూసే రోజులవి. రోజుకి రెండుసార్లు నేనే గుచ్చాను. నేనే కట్టాను. వేణి గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. గదంతా పూల వాసన, అందులో కలిసిపోయి పచ్చి పాల వాసన. పక్క గదిలో బిడ్డ ఏడిస్తే ఆమె ఒళ్లంతా బిగుసుకునేది, కట్టిన గుడ్డ తడిసేది. “ఇంకొంచెం బిగించండక్కా,” అనేది. బిగించేదాన్ని. తీసేసిన పూలు గోధుమ రంగుకి తిరిగి, బరువుగా, జిగటగా ఉండేవి. వాటిని తీసుకెళ్లి కొబ్బరి మొదట్లో వేసేదాన్ని. ఐదో రోజుకి గుడ్డ తడవలేదు. ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే జరిగినవిగా అనిపించవు. పగటిపూట ఎవరో నన్ను నిద్రపుచ్చి, నా చేతులతో ఆ పని చేయించినట్టుంటుంది. కానీ అదీ అబద్ధమే. నేను మెలకువగానే ఉన్నాను. పూలు ఎన్ని మూరలు కావాలో లెక్క చూసి తెప్పించాను.

నాకు తెలుసు. ఆ నాలుగు రోజుల్లో ఏ రోజు నోరు విప్పినా పాలు తిరిగి వచ్చేవి.

వేణికి ఆరు నెలల్లో నయమైపోయింది. గ్రంథి తనంతట తానే కుదుటపడింది. హారిక డబ్బా పాలతో పెరిగింది. రెండు మూడుసార్లు విరేచనాలు పట్టుకుని నీరసించిపోతే అమలాపురం పరిగెత్తాం. ఆ బెంచీ మీద కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. బిడ్డ తేరుకుంది. నా పక్కలో పడుకునేది, నా చేత్తో తినేది. నాకు కావలసింది నాకు దొరికింది. సుఖపడ్డానా అంటే, పడ్డాను. అది కూడా చెప్పకపోతే ఈ రాత ఎందుకు? ఆ పిల్ల నా మెడ మీద తల పెట్టి నిద్రపోయిన మధ్యాహ్నాలు నా జీవితంలో అన్నిటికన్నా మంచి రోజులు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసి కూడా మంచివే.

కానీ వేణి ఊరుకోలేదు. తిట్టి ఊరుకోకపోవడం కాదు, పొగిడి. ఏ పేరంటానికి వెళ్లినా, ఎవరింట్లో బాలింత ఉన్నా ఈ కథ చెప్పేది. “మా అక్కే లేకపోతే నా చేత్తో నేనే పిల్లకి విషం పట్టేసేదాన్నండి.” వింటున్నవాళ్లు నా వైపు తిరిగేవాళ్లు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. పొగిడితే సిగ్గుపడుతుంది, ఎంత మంచి మనిషో అనేవాళ్లు. మల్లెపూలు పెట్టుకోవడం ఆ ఏడే మానేశాను. తలనొప్పి వస్తుందని చెప్పాను. అదీ నమ్మారు. నేనేం చెప్పినా నమ్మే మనుషులు వాళ్లు.

నాలుగేళ్లకి వేణికి కొడుకు పుట్టాడు. నర్సు బిడ్డని తెచ్చి పక్కలో పెడితే గోడవైపు తిరిగిపోయింది. నా పాలు మంచివి కావండి అంటుంది. ఎవరు చెప్పినా వినదు. అప్పుడైనా నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. బయటికెళ్లి, కాసేపు మెట్ల మీద నిలబడి, తిరిగి లోపలికొచ్చి, డాక్టరుగారిని అడిగాను, ఇన్నేళ్లకి మందు పూర్తిగా పోయుంటుందన్నారు అని చెప్పాను. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకుంది. బిడ్డ నోటికి అందించి భోరున ఏడ్చింది. హారిక తలుపు దగ్గర నా చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి, తమ్ముడు ఏం చేస్తున్నాడని నన్ను అడిగింది. ఆ పిల్లకి ఏమని చెప్పానో గుర్తులేదు.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చింపలేదు. సూదీదారాల డబ్బాలో అడుగున, మడత పెట్టి ఉంచాను. ఎందుకుంచానో తెలియదు. ఏటా ఒకసారి తీసి, రెండు గీతలు చూసి, మళ్లీ పెట్టేసేదాన్ని. యానాం దగ్గర వంతెన వచ్చింది. పంటు ఆగిపోయింది. కలలో మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉంది. అందులో నేను గ్లాసు వంచుతాను. చార కరగదు. పంటు ఎంత దూరం వెళ్తే అంత దూరం పక్కనే వస్తుంది, ఒడ్డు మాత్రం రాదు.

ఇక ఈ వేసవి సంగతి.

వేణి చెల్లెలు ఐ.పోలవరం నుంచి పసిబిడ్డతో వచ్చింది. అదే దడ, అదే వణుకు. వచ్చే వారం అదే స్కానింగ్. ఒక మధ్యాహ్నం నేను కాసేపు నడుం వాల్చి లేచి వచ్చేసరికి అరుగు మీద బుట్టెడు మల్లెపూలు. వేణి, హారిక ఎదురెదురుగా కూర్చుని గుచ్చుతున్నారు. చెల్లెలు మూలన బిడ్డని పట్టుకుని ఏడుస్తోంది.

“ముందే మాన్పించేస్తే పిల్లాడికి తేలిగ్గా ఉంటుందండక్కా,” అంది వేణి. “మీరు కట్టండి. మీ చెయ్యి మంచిది.”

హారికకి పన్నెండేళ్లు. ఆ పిల్ల వేళ్లు చకచకా పూలు అందుకుంటున్నాయి. గుచ్చడం నేనే నేర్పాను.

హారికని కొట్టుకి పంపాను, పంచదార తెమ్మని. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది. లోపలికెళ్లి డబ్బాలోంచి కాగితం తెచ్చి వేణి ముందు పెట్టాను. ఆమెకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే చదివాను. ఇరవై నాలుగు గంటలు. చదవడం అయ్యాక, అక్కడితో ఆగిపోతే పొరపాటు జరిగిందని అనుకుంటుందేమో అని భయం వేసింది. అలా అనుకోనివ్వాలనీ అనిపించింది. ఒక్క క్షణమే. “డాక్టరమ్మగారు ఒక్క రోజే అన్నారు వేణీ. నాకు తెలుసు. తెలిసే నీకు అబద్ధం చెప్పాను. పిల్ల నా దగ్గరుండాలని.” ఇంత చిన్న మాట. దానికి పన్నెండేళ్లు పట్టింది. ఆమె చెల్లెలితో కూడా చెప్పాను. అక్కడికెళ్లాక ఏ మందు ఎక్కిస్తున్నారో, ఎన్ని గంటలు ఆపాలో నీ నోటితో నువ్వే అడుగు, మందుని బట్టి మారుతుంది, తెలుగులో రాయించుకో, నా మాట కూడా నమ్మకు అన్నాను.

వేణి చాలాసేపు బుట్టలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

“ఆ పూలు కూడా మీరే కట్టేరు కదండీ,” అంది.

“కట్టాను,” అన్నాను.

ఇది జరిగి నెలైంది. చెల్లెలు స్కానింగ్ తీయించుకుని వచ్చింది, ఒక రోజు ఆపి మళ్లీ పాలిస్తోంది. వేణి నాతో మాట్లాడుతుంది, అన్నానికి పిలుస్తుంది, మర్యాదలో ఏ లోటూ లేదు. అక్కా అని మాత్రం ఇప్పటివరకు అనలేదు. ఆ కథ కూడా ఎక్కడా చెప్పడం లేదు. హారికకి చెబుతుందో లేదో, ఎప్పుడు చెబుతుందో అది ఆమె ఇష్టం. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఇస్తుందేమోనని భయం, ఇవ్వదేమోనని కూడా.

కానీ ఆ మధ్యాహ్నం చివర జరిగింది ఒకటి మీకు చెప్పాలి. వేణి పూలబుట్ట పక్కకి నెట్టి చెల్లెలితో, “వాడు ఏడుస్తున్నాడు, లోపలికి తీసుకెళ్లి పట్టవే,” అంది. నేను అక్కడ ఉండకూడదనిపించి పెరట్లోకి వచ్చేశాను. దండెం ఇప్పటికీ అక్కడే ఉంది. పట్టుకుని నిలబడ్డాను. లోపల ఏడుపు ఆగింది. కాసేపటికి గుటకల చప్పుడు మొదలైంది. దండెం తప్ప నా చేతుల్లో ఏమీ లేదు. బిడ్డ కడుపు నిండేదాకా అక్కడే నిలబడి విన్నాను.